ఏటవాలు కోత

ఉదయం ఆరూ నలభైకి ఇంటర్నెట్ పెట్టె మీది పచ్చ దీపం ఆరి, ఎర్ర దీపం వెలిగింది. ఆ నెలలో అది మూడోసారి.

తేజస్విని ఫోను పట్టుకుని గది వెనకనున్న దిబ్బ ఎక్కింది. సిగ్నలు అందాక ఇద్దరికి చెప్పింది. ముందు ఆఫీసుకు, తర్వాత లైను బాగుచేసే ప్రసాదుకు. ఏడింటికి పని మొదలు కావాలి. ఆ నెలకు ఆమె చేతిలో మిగిలింది నాలుగు గంటలు.

హోసూరులోని ఆమె ఆఫీసు విదేశాల ఆసుపత్రుల బిల్లులు సరిచూస్తుంది. ఇంటి దగ్గర్నుంచి పనిచేసేవాళ్లకు అక్కడ ఒకటే షరతు. నెలలో పన్నెండు గంటలకు మించి లైను పోతే ఇంటి పని రద్దు, మర్నాటి నుంచి ఆఫీసుకు రావాలి. మొదటిసారి లైను తెగినప్పుడు ఐదు గంటలు పోయాయి. రెండోసారి మూడు. నెలలో ఇంకా పది రోజులు మిగిలి ఉన్నాయి.

ఆఫీసుకు పోవడమంటే ఆమెకు ఆ గేటు దగ్గరికి పోవడం. ఐదు నెలల కిందట ఆ గేటు ముందే ఆమె మొగుడు తిలక్ హెల్మెట్టుతో ఆమె మొహం మీద కొట్టాడు. రెండు పళ్లు రోడ్డు మీద పడ్డాయి. కాపలావాళ్లు పట్టి లాగేలోగా ఇంకో రెండు దెబ్బలు వేశాడు. అంతకు ముందు నాలుగేళ్లు ఇంట్లో కొట్టినవి ఎవరూ చూడలేదు కాబట్టి వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమె ఆ సాయంత్రమే తళి వైపు పోయే బస్సెక్కి పుట్టింటికి వచ్చేసింది. తిలక్ మాత్రం డ్యూటీ దిగాక ఇప్పటికీ ఆ గేటు ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడుతున్నాడని ఆఫీసులో పనిచేసే రశ్మి వారానికోసారి చెబుతూనే ఉంది.

ఊళ్లో ఇల్లు పల్లంలో ఉంటుంది. అక్కడ ఫోను మాట్లాడాలంటే మిద్దె ఎక్కాలి. రోడ్డు వెంట గ్రీన్‌హౌసుల కోసం వేసిన ఫైబర్ లైను ఊళ్లోకి రాలేదు. వాళ్ల గులాబీ తోట మాత్రం రోడ్డుకు దగ్గర. తోట మధ్య పూలు కట్టలు కట్టే రేకుల గది ఒకటి ఉంది. రోడ్డు స్తంభం నుంచి ఆ గదికి మూడు వందల నలభై మీటర్లు. పొలం గట్టు మీద పొట్టి రాతి కూసాలు పాతి, ప్రసాదు దాకా పోయి, అతని చేత లైను లాగించింది తేజస్విని అన్న లోహిత్. గుంతలు తవ్వింది కూడా అతనే. ఆ గదిలో ఒక బల్ల, ఒక ల్యాప్‌టాపు, ఒక బ్యాటరీ పెట్టుకుని ఆమె దాన్నే ఆఫీసు అన్నది. మూలన పూల బకెట్లు అలాగే ఉన్నాయి.

వాళ్లది కుండమార్పిడి పెళ్లి. ఒకే పందిట్లో తేజస్విని తిలక్ ఇంటికి పోయింది, తిలక్ చెల్లెలు మోనిషా లోహిత్‌కు పెళ్లామై వచ్చింది. ఇలాంటి పెళ్లిళ్లకు ఒక కట్టుబాటు ఉంటుంది. ఒక ఇంటి పిల్ల వెనక్కి వస్తే రెండో ఇంటి పిల్ల కూడా వెనక్కి పోవాలి. తేజస్విని వాచిన మొహంతో వచ్చిన పదో రోజు తిలక్ తండ్రి ఆటో తెచ్చి మోనిషాను ఎక్కించుకుపోయాడు. ఆమెకు అప్పుడు రెండో నెల. మా పిల్ల కావాలంటే మీ పిల్లను పంపండి అని ఒక్క మాట చెప్పిపోయాడు. లోహిత్ ఆటో వెంట ఊరి చివరిదాకా నడిచాడు. తిరిగొచ్చి చెల్లెల్ని ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

లైను మొదటిసారి తెగినప్పుడు, కోసింది చిన్నాయన అని తేల్చింది లోహిత్. ఎవరూ కాదనలేదు. గట్టుకు అవతలి పొలం కేశవప్పది, అంటే వాళ్ల నాన్న తమ్ముడిది. జానెడు గట్టు కోసం అన్నదమ్ములిద్దరూ ఇరవై ఏళ్లు పారలతో కొట్టుకున్నారు. ఒక గొడవలో నాన్న ఎడమ చెవి సగం తెగింది, ఇంకో గొడవలో చిన్నాయన కాలి బొటనవేలు పోయింది. నాన్న చచ్చిపోయినా గొడవ చావలేదు. ఆ ఇంట్లో పాలు విరిగినా దాయాది పేరే ముందొస్తుంది. తేజస్వినికి కూడా ఇంకెవరి పేరూ తోచలేదు.

రెండోసారి తెగిన రోజు లోహిత్ పార తీసుకుని గట్టు దాటాడు. కేశవప్ప టొమాటో మొక్కలను కర్రలకు కడుతున్నాడు. అరవై రెండేళ్లవాడు, వంగి ఉన్నాడు. లోహిత్ పార తిరగేసి కర్ర కామతో వీపు మీద కొట్టాడు. రెండో దెబ్బకు ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి విరిగిన చప్పుడు గట్టు మీద నిలబడ్డ తేజస్వినికి వినబడింది. పచ్చి కర్ర విరిగినట్టు ఉంది ఆ చప్పుడు. కేశవప్ప టొమాటో చాళ్ల మధ్య పడిపోయి, నేనేమి చేసినానప్పా అని అడిగాడు. లోహిత్ ఆగి వెనక్కి చూశాడు.

"ఇంకొకటి వెయ్‌న్నా," అంది తేజస్విని.

ఆ దెబ్బకు పక్కటెముకలు రెండు విరిగాయి. ఆ మాట అప్పుడే గంపతో చాలులోకి వచ్చిన కేశవప్ప పెళ్లాం నంజమ్మ విన్నది. మొగుడి మీద అడ్డంపడి, తేజస్విని వైపే చూసింది తప్ప లోహిత్‌ను చూడలేదు.

స్టేషనులో లోహిత్ చిన్నాయన గట్టు మీది నుంచి జారిపడ్డాడని చెప్పాడు. తేజస్విని తాను గదిలో పనిలో ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పింది. కేసు అక్కడే నిలిచిపోయింది. ఆ వారమంతా ఆమె ప్రశాంతంగా పనిచేసింది. తప్పు చేశానని అనిపించలేదు. తనను కొట్టినప్పుడు ఎవరూ చూడలేదు, ఈసారి తన పక్షాన ఒకడు కొట్టాడు, అంతే అనుకుంది.

మూడోసారి తెగిన ఈ ఉదయానికి కేశవప్ప ఇంకా హోసూరు ఆసుపత్రిలోనే ఉన్నాడు. నంజమ్మ ఆయన మంచం పక్కన ఉంది. వాళ్ల ఇంటికి తాళం వేసి ఎనిమిది రోజులైంది.

లోహిత్ ఐదింటి నుంచి పూలు కోస్తున్నాడు. ఆమె చెబితే తల తిప్పకుండానే, ముసలోడు కూలోల్ల చేత కోయించింటాడు అన్నాడు. బకెట్టు నింపి గదిలో పెట్టిపోయాడు.

ప్రసాదు తొమ్మిదిన్నరకు వచ్చాడు. కాకినాడ పక్క నుంచి వచ్చి హోసూరులో స్థిరపడ్డ మనిషి. తెగిన తీగలు అతికే మిషను బండి మీద కట్టుకుని తిరుగుతాడు. తెగిన చోటు గది నుంచి అరవై అడుగుల్లోనే దొరికింది. అతను రెండు కొసలూ పట్టుకుని కాసేపు చూశాడు.

"ఇది కొడవలి పని కాదు మేడం. కొడవలైతే తీగ నలుగుద్ది, పీచు లేస్తాది. ఇది చూడండి, ఎంత నున్నగా కోసేరో. మూడుసార్లూ ఇంతే. ఏటవాలుగా."

ఆమె కొసను చేతిలోకి తీసుకుంది. నల్లటి తొడుగు, లోపల వెంట్రుకంత గాజు పోగు, దాని పక్కన బిగువు కోసం వేసిన ఉక్కు తీగ. మూడూ ఒకే వాలులో తెగాయి. ఉక్కు తీగ ఉంది కాబట్టి కోసినవాడి కత్తెరకు ఈపాటికి గంటు పడి ఉంటుందని ప్రసాదు అన్నాడు. అని తన పనిలో పడ్డాడు.

తేజస్విని గదిలోకి వచ్చింది. లైను వచ్చేదాకా చేసే పని లేదు. అలవాటు కొద్దీ బకెట్టు ముందు కూర్చుని పూలు కట్టలు కట్టడం మొదలుపెట్టింది. గులాబీని కణుపు పైన ఏటవాలుగా కోయాలి. అడ్డంగా కోస్తే కొమ్మ మీద నీళ్లు నిలిచి కుళ్లుతుంది. పిల్లలిద్దరికీ ఐదేళ్ల వయసులోనే వాళ్ల నాన్న చేతులు పట్టుకుని ఆ వాలు నేర్పాడు. టొమాటో, క్యాబేజీ తప్ప ఇంకోటి పండించని కేశవప్ప ఇంట్లో పూల కత్తెరే లేదు.

మొదటి కట్ట కొసలు సరిచేస్తుండగా ఆమె చెయ్యి ఆగింది. కాడ చివర బెరడు పూర్తిగా తెగలేదు. సన్నటి పీచు ఒకటి తోకలా వేలాడుతోంది. రెండో కాడకూ అంతే, అదే చోట. బకెట్టులో ఉన్న పూలన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. సగం పూలకు నున్నటి కోత. సగం పూలకు తోక. అంటే ఆ ఉదయం సగం పూలు కోశాక కత్తెరకు గంటు పడింది.

పదిన్నరకు పచ్చ దీపం వెలిగింది. మూడున్నర గంటలు పోయాయి. మిగిలింది అరగంట. పది రోజులకు అరగంట.

ఆమె ఆఫీసుకు లైను వచ్చిందని రాసింది. తలుపు వెనక అడ్డగడియగా వాడే ఇనుప కడ్డీని తీసి బల్ల కింద పెట్టింది. తర్వాత గుమ్మంలో నిలబడి అన్నను పిలిచింది.

లోహిత్ చేతిలో కత్తెరతోనే వచ్చాడు. ఆమె ఆ కత్తెర ఒకసారి ఇమ్మంది. ఏల అని అడిగాడు.

"పూలకు తోకలు వస్తా ఉండాయి. చూస్తాను."

"రాయి తగిలింది."

"రాయి యాడిదన్నా చెట్టు మీద? లైన్లో ఉండే ఉక్కు తీగ తగిలింది."

లోహిత్ కత్తెర వైపు చూశాడు. గంటు అర్ధచంద్రంలా స్పష్టంగా కనిపిస్తోంది. అబద్ధం ఆడే ఓపిక అతని మొహంలో అయిపోయింది.

"మోనిషాకు ఇప్పుడు ఏడో నెల," అన్నాడు. "స్కాను బొమ్మ ఎవురో పంపిస్తే ఫోన్లో చూసినాను. నా బిడ్డను నేను ఫోన్లో చూడల్నా? నువ్వు పోతే అది వస్తాది. అంతే కదా ఉండేది. ఈ పెట్టె పన్జేస్తా ఉంటే నువ్వు పోవు."

"వాడు నన్ను చంపుతాడు."

"నాలుగేండ్లు చంపలేదు కదా."

తేజస్విని నోట్లో పళ్లు లేని చోట నాలుక పెట్టింది. అది ఆమెకు ఈ ఐదు నెలల్లో పట్టిన అలవాటు. మరి చిన్నాయన చెయ్యి ఏల ఇరిసినావని అడిగింది.

"ఎవురో ఒకరు కోసిండల్ల కదా," అన్నాడు లోహిత్. "వెయ్యమనింది కూడా నువ్వే."

అని ఆమెను పక్కకు తోసి లోపలికి వచ్చాడు. కిటికీ చువ్వల మధ్య నుంచి లైను లోపలికి వచ్చే చోటు అతనికి తెలుసు. దాన్ని అక్కడ బిగించిందే అతను. కత్తెర తెరిచి తీగకు పెట్టాడు. ఆమె వేరే ఏమీ ఆలోచించలేదు. మిగిలిన ఆ అరగంట గురించి మాత్రమే ఆలోచించింది. తీగ మీద చెయ్యి వేసి గుప్పెట బిగించింది. చెయ్యి తియ్యి అన్నాడు. తియ్యలేదు. మళ్లీ చెప్పాడు. మూడోసారి చెప్పలేదు.

ఎడమ చేతి చిటికెనవేలు మొదటి కణుపు దగ్గర తెగి పూల మీద పడింది. వేలు కూడా ఏటవాలుగానే తెగింది.

లోహిత్ దాన్ని చూసి ఒక్క క్షణం నిలబడిపోయాడు. ఆ క్షణంలో ఆమె కుడి చేతికి బల్ల కింది కడ్డీ అందింది. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది, కత్తెర జారింది. రెండోది చెవి పైన. అతను మోకాళ్ల మీద కూలాడు. మూడో దెబ్బ ఆమె లెక్కపెట్టి, చూసి, కత్తెర పట్టే కుడి చేతి మణికట్టు మీద వేసింది. పూల బకెట్టు పడి నీళ్లు గదంతా పారాయి. ఆమె తల తిప్పి పెట్టె వైపు చూసింది. దీపం పచ్చగానే ఉంది.

అప్పటికి తల్లి బసవమ్మ సద్దన్నం గిన్నెతో గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కొడుకు తల పట్టుకుని కొంగుతో నెత్తురు ఒత్తుతూ, కూతురితో ఒక మాట అంది.

"వానికి పెండ్లాం కావల్ల, నీకు లైను కావల్ల. నేను ఎవురి పక్క నిలబడేదమ్మా?"

లైను కోసేది ఎవరో తల్లికి ముందే తెలుసని తేజస్వినికి అర్థమైంది. ల్యాప్‌టాపు మూసి సంచిలో వేసుకుంది. గది బయటికి వచ్చి తాళం వేద్దామనుకుంది గానీ, లోపల ఇద్దరు మనుషులున్నారు. తెరిచి ఉంచే బయలుదేరింది. వేలి ముక్క అక్కడే పూలలో ఉండిపోయింది.

ప్రసాదు రోడ్డు స్తంభం దగ్గర ఇంకా సామాను సర్దుకుంటున్నాడు. ఆమె చేతికి చుట్టిన చున్నీని చూశాడు. మిషను విప్పి ముందు పెట్టుకుని, ఆమెను వెనక ఎక్కించుకున్నాడు. ఆసుపత్రి హోసూరులో ఉంది. ఆ ఊళ్లోకి ఆమె ఐదు నెలలుగా అడుగుపెట్టలేదు. ప్రసాదు తన హెల్మెట్టు తీసి ఇచ్చాడు. దాన్ని చూసి ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. తర్వాత తీసుకుని, తలకు పెట్టుకుని, అద్దం కిందికి దించుకుంది.

కుట్లు వేయించుకున్నాక ఆమె మగవాళ్ల వార్డుకు పోయింది. కేశవప్ప చెయ్యి పిండికట్టులో ఉంది. నంజమ్మ ఆమెను చూసి స్టూలు మీది నుంచి లేచి అడ్డంగా నిలబడింది.

"యాలమ్మా వచ్చినావు? రెండో చెయ్యి మిగిలిపోయిందనా?"

తేజస్విని కట్టుకట్టిన చెయ్యి చూపించలేదు, దాచుకోలేదు కూడా. లైను కోసింది మా అన్నే, చిన్నాయన కాదు అని చెప్పింది. నంజమ్మ నవ్వింది. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. అది మాకు ఆ పొద్దే, తెగిన కొస చూసినప్పుడే తెలుసునని, మా ఇంట్లో కత్తెరే లేదు కదా అని, చెబితే వినే మొగాలా మీవి అని అడిగింది. తేజస్విని చిన్నాయన వైపు తిరిగి తనకు అడగాల్సింది అడిగింది. గట్టు అవతల, ఆయన పొలంలో నుంచి లైను లాక్కుంటానంది. ఈ పక్కనుంటే అది బతకదంది.

కేశవప్పకు ఊపిరి తీస్తే పక్కటెముకలు నొప్పి. అందుకని మెల్లగా మాట్లాడాడు.

"మీ నాయన బతికింటే ఒక పుల్ల కూడా నాటనిచ్చిండను. నాటుకో. అయితే టేసన్లో నిజం చెప్పల్ల."

"చెప్తాను చిన్నాయనా."

"అంతా చెప్పల్ల," అంది నంజమ్మ. "ఇంకొకటి వెయ్ అనినావే. ఆ నోటితోనే అది కూడా చెప్పల్ల. అది చెప్పకుంటే నా చేన్లో కాలు పెట్టొద్దు."

ఆ మాట చెబితే ఏమవుతుందో తేజస్వినికి తెలుసు. చెప్పకపోతే మిగిలేది ఆ గేటు. కిటికీలోంచి హోసూరు రోడ్డు కనిపిస్తోంది. దాని వైపు చూసి, సరే అంది.

నాలుగు రోజుల తర్వాత స్టేషనులో అంతా చెప్పింది. గట్టు, పార కామ, మొదటి దెబ్బ, విరిగిన చప్పుడు, తాను ముందు చెప్పిన అబద్ధం. తాను అన్న మాట దగ్గరికి వచ్చేసరికి రాస్తున్నతను కలం ఆపి, అది అవసరమా అమ్మా అని అడిగాడు. నంజమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తేజస్విని రాయమంది.

ప్రసాదు తర్వాతి ఆదివారం టొమాటో చేలో తొమ్మిది స్తంభాలు నాటాడు. నంజమ్మ కుక్కను ఆ పక్కనే కట్టేసింది. చివరి ముప్పై అడుగులూ లైను భూమిలో, గొట్టంలో పోతుంది. గోడ కింద నుంచి గదిలోకి వస్తుంది. పాత లైనును ఆ నెల చివరిదాకా ఎవరూ ముట్టలేదు. అరగంటలో ఇరవై రెండు నిమిషాలు మిగిలాయి.

లోహిత్ మణికట్టు అతుక్కుంది గానీ పూర్తిగా వంగదు. బెయిలు మీద వచ్చి మళ్లీ ఉదయం ఐదింటికి పూలు కోస్తున్నాడు, ఎడమ చేత్తో. కత్తెర కొత్తది. అతను కోసే మొదటి చాలు ఆమె కిటికీకి నలభై అడుగులు. ఇద్దరూ మాట్లాడుకోరు. మోనిషాకు కొడుకు పుట్టాడని ఊరంతటికీ తెలిసిన తర్వాత అతనికి తెలిసింది. ఇంకా చూడలేదు.

తేజస్విని గదిలోకి పోగానే ఇనుప కడ్డీ అడ్డం పెడుతుంది. ఎడమ చిటికెనవేలితో కొట్టాల్సిన అక్షరాలను పక్క వేలితో కొట్టడం నేర్చుకుంది. ఫిబ్రవరి పదకొండున హోసూరు కోర్టులో వాయిదా ఉంది. ఆ రోజుకు ఆఫీసులో సెలవు అడిగింది, కారణం రాయలేదు. కేసులో మొదటి ముద్దాయి లోహిత్. రెండో ముద్దాయి తేజస్విని.

కొత్త లైను వేసి రెండు నెలలైంది. ఇప్పటిదాకా పోయింది మొత్తం పదకొండు నిమిషాలు.